డాక్టర్ ‘ఏమీ లేదు’ అన్నాక: ఇంకో డాక్టరా, ఇంకో స్కానా, ఆగి చూడటమా?

కన్ను అదిరితే శకునం చూస్తాం. మగవాళ్లకు కుడి మంచిది, ఆడవాళ్లకు ఎడమ మంచిది అనుకుని వదిలేస్తాం. నాకు అదిరింది ఎడమ పిక్క. దానికి శకునం తెలియక ఫోన్‌లో వెతికాను. రాత్రి పదకొండున్నరకి మొదలుపెట్టాను. పన్నెండయ్యేసరికి నాకు ఏఎల్‌ఎస్ వచ్చేసింది. అదే, స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చిన జబ్బు, కండల్ని నడిపే నరాలు చచ్చిపోయి ఒళ్లు క్రమంగా కదలకుండా పోయేది.

నేను డాక్టర్ని కాదు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే లెక్చరర్ని, వయసు 43. ఆ రాత్రి తర్వాత తొమ్మిది నెలల్లో ఒక ఫిజీషియన్, ఇద్దరు న్యూరాలజిస్టులు, ఒక మెదడు ఎంఆర్ఐ, ఒక నరాల పరీక్ష, లెక్కపెట్టనన్ని రక్తపరీక్షలు అయ్యాయి. అందరిదీ ఒకే మాట: “ఏమీ లేదు మాస్టారూ, టెన్షన్ పెట్టుకోకండి.” పొద్దున విన్న ఆ మాట సాయంత్రం దాకా పనిచేసేది. రాత్రి మంచమెక్కి కాళ్లు చాపగానే పిక్కలో మళ్లీ చిన్న చేప కదిలినట్టు ఉండేది. ఆ వెంటనే ‘ఆయన సరిగ్గా చూశాడా?’ అన్న ప్రశ్న.

ఇలా అదురులు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టుండటం, తల తేలిపోవడం, కాలు మొద్దుబారడం లాంటివాటితో తిరుగుతూ, డాక్టర్లు ధైర్యం చెప్పినా నిద్రపట్టనివాళ్ల కోసం ఈ పోలిక. ముందున్న దారుల్లో ఏది దేనికి పనికొస్తుందో, ఏది ఎందుకు దండగో నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఒక్కో దారి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. నేను ఒక ప్రశ్న పట్టుకుని ఇంకో ప్రశ్నకు జవాబిచ్చే చోటికి వెళ్లి డబ్బు కట్టాను, అదీ నా తప్పు.

ముందు ఇవి: పోలికలు చూసుకునే టైమ్ లేనివి

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి పోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి లేదా కాలు చచ్చుబడటం పక్షవాతం లక్షణాలు. లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వాలి, కాబట్టి 108కి ఫోన్ చేయాల్సిందే. జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి క్షణాల్లో పిడుగులా రావడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మొదటిసారి ఫిట్స్ రావడం, ఒక కన్ను చూపు తగ్గడం, రెండు కాళ్లలో మొదలైన బలహీనత గంటల్లోనో రోజుల్లోనో పైకి పాకడం, మలమూత్రాల మీద అదుపు పోయి కూర్చునే భాగం మొద్దుబారడం కూడా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవే. నిన్ననే డాక్టర్ ‘ఏమీ లేదు’ అని ఉన్నా సరే. నిన్నటి మాట నిన్నటి ఒంటికి.

నెమ్మదిగా వచ్చేవాటిలో గమనించాల్సింది పని చేయలేకపోవడం. కండ అదరడం కన్నా, చెప్పు కాలినుంచి జారిపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, ఒక చేతి కండ కరిగిపోవడం, మాట మారిందని ఇంట్లోవాళ్లే అనడం ముఖ్యం. ఇవి వారం వారం పెరుగుతుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

‘ఏమీ లేదు’ అంటే ఏమిటి?

ఏ దారి ఎంచుకోవాలన్నా ముందు ఈ మాట విప్పుకోవాలి, ఎందుకంటే దీనికి కనీసం నాలుగు అర్థాలున్నాయి.

ఒకటి: ‘పూర్తిగా పరీక్ష చేశాను, ప్రమాదకరమైన జబ్బు ఆనవాళ్లు లేవు.’ రెండు: ‘మీకున్నదానికి పేరుంది, కానీ అది హాని చేయదు.’ నా పిక్క ఈ కోవలోది. దీన్ని హానిలేని కండ అదురు అంటారు. టీ కాఫీలు, నిద్రలేమి, వ్యాయామం, ఆందోళన, ఆయాసానికి పీల్చే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని అర్థం. మోచెయ్యి మడిచి గంటలు గంటలు ఫోన్ పట్టుకుంటే చిటికెనవేలు మొద్దుబారుతుంది. కంగారులో తెలియకుండానే ఊపిరి ఎక్కువ తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గి పెదాల చుట్టూ, రెండు చేతుల వేళ్లలో చీమలు పాకుతాయి. ఇవన్నీ ‘ఏమీ లేదు’ కిందికే వస్తాయి, కానీ పేరు చెప్పి కారణం చెబితే మనిషి ఇంటికి వేరే మొహంతో వెళ్తాడు.

మూడోది: ‘నరాలు, మెదడు కట్టడం బాగానే ఉంది, పనితీరులో తేడా వచ్చింది.’ దీన్ని ఫంక్షనల్ డిజార్డర్ అంటారు. ఇది నటన కాదు, పిచ్చి కాదు. ‘పరీక్షలన్నీ నార్మల్, కాబట్టి ఇదే’ అని తేల్చేదీ కాదు. దానికి తనవైన గుర్తులున్నాయి. పడుకోబెట్టి బలహీనమైన కాలిని కిందికి నొక్కమంటే బలం రాదు, రెండో కాలిని పైకెత్తమంటే మొదటి కాలు తనంతట తానే గట్టిగా నొక్కుతుంది. హూవర్ అనే అమెరికన్ డాక్టర్ 1908లో చెప్పిన పరీక్ష ఇది. పేషెంట్‌కి కూడా చూపించి ‘చూశారా, దారి తెగిపోలేదు’ అని చెప్పగలిగిన పరీక్ష.

నాలుగోది చేదుగా ఉంటుంది: ‘బయట ఇంకా అరవై మంది టోకెన్లతో కూర్చున్నారు.’

మీకు చెప్పింది వీటిలో ఏదో ఎలా తెలుస్తుంది? నా కొలబద్ద సుత్తి. మోకాలి మీద, మడమ మీద, మోచేతి దగ్గర సుత్తితో కొట్టి చూశారా? చెప్పులు, సాక్సులు విప్పించి అరికాలు గీశారా? 1896లో బాబిన్‌స్కీ చెప్పిన ఆ గీతకు పైసా ఖర్చు లేదు. బొటనవేలు పైకి లేస్తే మెదడు, వెన్నుపాము దారిలో తేడా ఉందని చెబుతుంది. మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారా? నాలుక చాపమన్నారా, వేళ్ల బలం చూశారా? ఇవి చేసి ‘ఏమీ లేదు’ అంటే ఆ మాటకు బరువుంది. ఇవేవీ చేయకుండా ఫైల్ తిరగేసి అనేస్తే మీకింకా మొదటి అభిప్రాయమే రాలేదు. అలాంటప్పుడు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లడం అనుమానం కాదు, అవసరం.

నన్ను చూసిన మొదటి పెద్దాసుపత్రిలో సుత్తి బల్ల మీదే ఉంది, ఆయన చేతిలోకి రాలేదు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చాను. రెండో ఆవిడ ఇరవై నిమిషాలు పరీక్షించారు. తేడా అక్కడే తెలిసింది.

అదే డాక్టరా, కొత్త డాక్టరా?

సుత్తి పరీక్ష సరిగ్గా జరిగిందనుకోండి. అయినా మనసు కుదుటపడలేదు. అప్పుడు మనలో చాలామంది చేసేది కొత్త డాక్టర్ని వెతకడం. బావమరిది ఒక పేరు చెబుతాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఇంకో పేరు చెబుతాడు.

నా ఓటు అదే డాక్టర్ దగ్గరికి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ వెళ్లడానికే. కారణం ఒక్కటే: కాలం. నెమ్మదిగా వచ్చే నరాల జబ్బుల్ని పట్టించే గొప్ప పరీక్ష కాలమే. ఏఎల్‌ఎస్ అయితే నెలలు గడిచేకొద్దీ ఎక్కడో ఒకచోట బలం తగ్గడం కనబడుతుంది. ఆ తేడా చూడాలంటే మొదట చూసిన చేతులే మళ్లీ చూడాలి. కొత్త డాక్టర్ ప్రతిసారీ మొదటి పేజీ నుంచి మొదలుపెడతాడు. ఇద్దరూ ఒకే మాటన్నా పదాలు వేరుగా ఉంటాయి, ఆ పదాల సందులోంచి మన భయం దూరుతుంది. ఒకరు ‘ప్రస్తుతానికి ఏమీ కనబడలేదు’ అన్నారు, ఇంకొకరు ‘ఏమీ లేదు’ అన్నారు. ‘ప్రస్తుతానికి’ అని ఎందుకన్నారా అని నేను వారం రోజులు ఆలోచించాను.

అయితే డాక్టర్లు పొరబడరా? పడతారు. 1965లో ఎలియట్ స్లేటర్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్, హిస్టీరియా అని పేరు పెట్టి పంపేసిన పేషెంట్లలో చాలామందికి తర్వాత నిజమైన జబ్బులు బయటపడ్డాయని రాశాడు. చాలాకాలం డాక్టర్లను వెంటాడిన వ్యాసమది. తర్వాత లెక్క మారింది. 2005లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, తప్పు నిర్ధారణలు 1950లలో 29 శాతం దాకా ఉంటే, 1970ల నుంచి 4 శాతం దగ్గరికి తగ్గాయి. స్కాట్లాండ్ న్యూరాలజీ క్లినిక్కుల్లో, లక్షణాలకు జబ్బు కారణం కాదని చెప్పిన వెయ్యి మందికి పైగా కొత్త పేషెంట్లను ఏడాదిన్నర తర్వాత మళ్లీ ఆరా తీశారు. 2009లో వచ్చిన ఆ ఫలితం: 1,030 మందిలో, మొదట ఊహించని జబ్బు తర్వాత బయటపడింది నలుగురికి.

నలుగురు. సున్నా కాదు. లెక్కల మాస్టారుగా నేను ఆ నలుగురి దగ్గరే ఇరుక్కుపోయేవాణ్ని. మిగతా 1,026 మందిలో నేనుండొచ్చని ఎప్పుడూ తోచేది కాదు.

కొత్త డాక్టర్ తప్పనిసరి అయ్యే సందర్భాలు చెబుతాను. లక్షణం మారింది: అదురు మాత్రమే ఉన్నది బలహీనతగా మారింది. లేదా లక్షణం వచ్చిపోయే రకం, డాక్టర్ చూసినప్పుడు లేదు. మయస్థీనియా అనే జబ్బులో పొద్దున మామూలుగా ఉన్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి, నమలడం కష్టమవుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తాయి. పొద్దున పదింటి ఓపీలో అన్నీ నార్మల్ అనిపించొచ్చు. అలాంటివాళ్లు సాయంత్రం అపాయింట్‌మెంట్ అడగాలి, వాలిన రెప్పను ఫోన్‌లో వీడియో తీసుకెళ్లాలి. మూర్ఛలా వచ్చే కుదుపులకు కూడా వీడియో పది పేజీల వివరణ కన్నా మేలు. ఇంకో సందర్భం: మీ ప్రశ్నలకు విసుక్కుని నోరు మూయించే డాక్టర్. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, కానీ రేపు నిజంగా ఏదైనా మారితే ఆయనకు చెప్పడానికి వెనకాడతారు. అది ప్రమాదం.

రెండో అభిప్రాయానికి ఎక్కడికి వెళ్లాలన్నది చిన్న ప్రశ్న. నిమ్స్, తిరుపతి స్విమ్స్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో క్యూ చంపుతుంది, కానీ పీజీ డాక్టర్లు మొత్తం కథ రాసుకుంటారు, పైవాళ్లు దాన్ని మళ్లీ ప్రశ్నిస్తారు. కార్పొరేట్‌లో కుర్చీ మెత్తగా ఉంటుంది, పరీక్షలు వెంటనే అవుతాయి. ఆ ‘వెంటనే’ మంచీ చెడూ రెండూ. రెండోచోట పాత రిపోర్టులు దాచిపెట్టి ‘చూద్దాం ఈయన ఏమంటాడో’ అని పరీక్ష పెట్టకండి, నేను పెట్టాను. అవే రక్తపరీక్షలు మళ్లీ రాశారు, మళ్లీ కట్టాను.

పరీక్షల్లో ఏది?

మనవాళ్లకు ఎంఆర్ఐ అంటే ఒంట్లోని సత్యమంతా బయటపెట్టే యంత్రం. అదొక ఫొటో. మెదడులో గడ్డలు, పక్షవాతం మచ్చలు, వెన్నుపాము నొక్కుడు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) మచ్చలు బాగా చూపిస్తుంది. పిక్క ఎందుకు అదురుతోందో, అరికాలిలో మంట ఎందుకో మెదడు ఎంఆర్ఐ చెప్పదు. నరాల కరెంటు పరీక్షలు వేరు. ఒకదాంట్లో చర్మం మీద చిన్న షాకులిచ్చి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. ఇంకోదాంట్లో కండలోకి సన్నని సూది దింపి కరెంటు అలలు చూస్తారు. మణికట్టు, మోచేతి నొక్కుళ్లకు మొదటిది, కండ అదురుకు, బలహీనతకు రెండోది. మొదటిదానికీ ఒక గుడ్డిచోటు ఉంది: మంట, సూదులు గుచ్చినట్టుండటం సన్నని నరాల వల్ల వస్తే అది దాంట్లో పడదు. ‘పరీక్ష నార్మల్, కాబట్టి మీకు మంట లేదు’ అని ఎవరన్నా ఒప్పుకోనక్కర్లేదు.

నాకు అవసరమైంది సూది పరీక్ష. నేను పట్టుబట్టి రాయించుకుంది ఎంఆర్ఐ. రిపోర్టులో ‘తెల్ల పదార్థంలో కొన్ని నిర్దిష్టత లేని మచ్చలు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంది. డాక్టర్ గారు “మీ వయసులో ఇవి మామూలే” అన్నారు. నాకు పిక్క భయం పోయి మచ్చల భయం పట్టుకుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో 2,000 మంది మామూలు మనుషులకు మెదడు స్కాన్ తీస్తే 7.2 శాతం మందిలో తమకు తెలియని పాత పక్షవాతం మచ్చలు, 1.8 శాతం మందిలో రక్తనాళం ఉబ్బు కనబడ్డాయని 2007లో రాశారు. నడుము స్కాన్ సంగతైతే మరీను. ఏ నొప్పీ లేనివాళ్లలోనే డిస్క్ ఉబ్బు ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం. స్కాన్ తీస్తే ఏదో ఒకటి రాస్తారు. రాసినదానికీ మీ బాధకూ సంబంధం ఉందో లేదో చెప్పేది మళ్లీ ఆ సుత్తి పట్టుకున్న మనిషే.

మా పిల్లలకు సంభావ్యత చెప్పేటప్పుడు ఇచ్చే లెక్క ఇక్కడ పెడతాను. సంఖ్యలు ఊహించుకున్నవి. పదివేల మందిలో ఒక్కరికి ఉండే జబ్బు, ఆరోగ్యవంతుల్లో నూటికి ఐదుగురికి పొరపాటుగా ‘ఉంది’ అనే పరీక్ష. అందరికీ చేస్తే నిజమైన పేషెంట్ ఒకరు, భయపడి ఇంటికెళ్లేవాళ్లు దాదాపు 500 మంది. అదే పరీక్షను బలహీనత ఉన్నవాళ్లకే చేస్తే లెక్క తిరగబడుతుంది. డాక్టర్ ‘ఈ పరీక్ష మీకు వద్దు’ అన్నది పిసినారితనం కాదని బోర్డు మీద ఏళ్ల తరబడి చెబుతున్నవాడికి ఒంటి మీదికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

నార్మల్ రిపోర్ట్ వస్తే భయమన్నా పోతుందా? రోజూ తలనొప్పి ఉన్న 150 మందిని లండన్‌లో రెండు జట్లు చేసి ఒక జట్టుకు మెదడు స్కాన్ ఇచ్చారు. మూడు నెలల దగ్గర స్కాన్ జట్టుకు భయం తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒకటే. 2005 నాటి ఈ ఫలితంలో ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు: ఆందోళన బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో స్కాన్ ఇచ్చినవాళ్లకు ఆ ఏడాది వైద్యం ఖర్చు తగ్గింది. అంటే ఒకసారి తీసి తలుపు మూసేయడం కొందరికి పనికొస్తుంది. రెండోసారి, మూడోసారి తీయించుకోవడాన్ని సమర్థించే మాట మాత్రం ఇందులో లేదు.

ఫొటోలకన్నా ముందు చేయాల్సినవి, మనం చులకనగా చూసేవి రక్తపరీక్షలు: బీ12, థైరాయిడ్, షుగర్, కాల్షియం. శాకాహారులు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లు, గ్యాస్ మాత్ర పరగడుపునే వేసుకోవడం అలవాటైపోయినవాళ్లు బీ12 తప్పక చూపించుకోవాలి. తిమ్మిర్లకు, తడబడే నడకకు, మతిమరుపుకు కూడా అది కారణం కావచ్చు, ఆలస్యమైతే పూర్తిగా తగ్గకపోవచ్చు. 200 పికోగ్రాముల కన్నా తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య అనుమానం, అప్పుడు హోమోసిస్టీన్ లాంటి ఇంకో పరీక్ష చేసి తేలుస్తారు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో ముందు నాలుగు ‘బలం ఇంజెక్షన్లు’ పొడిపించుకుని తర్వాత బీ12 పరీక్షకు వెళ్తారు. అప్పుడు అంకె ఆకాశంలో ఉంటుంది, అసలు లోపం ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. రక్తం ముందు, సూది తర్వాత. ఇంకోటి: ఎర్ర బీ కాంప్లెక్స్ మాత్రే కదా అని నెలల తరబడి మింగకండి. వాటిలో కొన్నిట్లో బీ6 మోతాదు ఎక్కువ. అది ఎక్కువై ఎక్కువకాలం వాడితే అదే నరాల్ని దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. వాడుతున్నవన్నీ అట్టల్తో సహా డాక్టర్‌కి చూపించండి.

‘నరాల బలహీనతకు గ్యారంటీ చికిత్స’ అని ఊరి చివర గోడల మీద రాసి ఉండే క్లినిక్కులకూ ఈ వ్యాసానికీ సంబంధం లేదు. ఆ నరాలు వేరే.

ఆగి చూడటం, దానికీ ఒక పద్ధతి

ఆగి చూడటమంటే ఊరికే కూర్చోవడం కాదు. తారీఖు ఉండాలి, ఏం చూడాలో తెలిసి ఉండాలి, ఎప్పుడు ముందే రావాలో తెలిసి ఉండాలి. సరిగ్గా పరీక్ష అయిపోయిన అదురుకు, తిమ్మిరికి ఇదే ఉత్తమమని నా అభిప్రాయం. అమెరికాలోని మాయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు హానిలేని కండ అదురుగా నిర్ధారణ అయిన 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల దాకా గమనించి 1993లో రాశారు. ఒక్కరికీ ఏఎల్‌ఎస్ రాలేదు. ఇంకో విచిత్రం చెబుతాను. ఈ భయం డాక్టర్లకే ఎక్కువ పట్టుకుంటుందని 2013లో ఆస్ట్రేలియా న్యూరాలజిస్టులు ఒక వ్యాసమే రాశారు. చదువు కాపాడదన్నమాట.

నేను ఆగి చూసినట్టే నటించాను. రోజూ పొద్దున ఒంటికాలి మీద మునివేళ్లపై ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టేవాణ్ని. ముప్పై, ముప్పై రెండు, ఒకరోజు ఇరవై ఆరు. ఆ ఇరవై ఆరు నన్ను చంపేసింది. అలా రోజూ పిక్కను అలసిపోయేదాకా కొడితే అదురు పెరగక ఏం చేస్తుంది? పైగా స్టాఫ్ రూమ్‌లో రోజుకు ఆరు టీలు. రెండో న్యూరాలజిస్ట్ గారు అడిగారు: “మాస్టారూ, పరీక్షల కాలంలో మీ పిల్లల్ని రోజుకు పదిసార్లు మూల్యాంకనం చేస్తారా?” ఆవిడ రాసిచ్చిన మందు ఇది: కొలతలు ఆపాలి, టీ రెండుకు తగ్గించాలి, వారానికి ఒక్కసారి, ఆదివారం, మూడు వాక్యాలు మాత్రం రాసుకోవాలి. ఏ పని చేయలేకపోయాను, ఏ పని కొత్తగా కష్టమైంది, ఇంట్లోవాళ్లు ఏం గమనించారు. ఎన్నిసార్లు అదిరిందన్నది రాయకూడదు.

ఇంటర్నెట్‌లో వెతకడాన్ని దారిగా లెక్కేయను. ‘చేయి తిమ్మిరి’ అని కొడితే పది జబ్బులు చెబుతుంది, మీ చేతిని మాత్రం పట్టుకోదు.

మనసు డాక్టర్ దగ్గరికా?

మా ఇంట్లో ఈ మాట ఎత్తగానే అమ్మ “వాడికేమన్నా పిచ్చా?” అంది. అంతకుముందే దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టింది, దానివల్ల నష్టం లేదు, పిక్కకు లాభమూ లేదు.

సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపడమంటే న్యూరాలజిస్ట్ చేతులు దులిపేసుకోవడమని మనం అనుకుంటాం. కొన్నిసార్లు నిజంగానే అలా దులిపేసుకుంటారు, అప్పుడు కోపం రావడం న్యాయమే. కానీ ఇది నరాల డాక్టర్‌కి బదులు కాదు, పక్కన. అదురు నిజం, భయం నిజం. అదురుకు మందు అవసరం లేదు, భయానికి వైద్యం ఉంది. మీకు ఈ దారి అవసరమా అన్నది తేల్చుకోవడానికి జబ్బు ఉందా లేదా అని అడక్కండి. రోజులో ఎంతసేపు దీనికే పోతోంది? నిద్ర, పని, పిల్లలతో మాట దెబ్బతిన్నాయా? నార్మల్ రిపోర్ట్ ఇచ్చిన ధైర్యం ఎన్ని గంటలు నిలుస్తోంది? నాకు మూడోదానికి జవాబు ‘ఆరు గంటలు’.

ఇక్కడా రెండు దారులు. సైకియాట్రిస్ట్ మందులు రాయగలరు, సైకాలజిస్ట్ మాటల చికిత్స చేస్తారు. ఆరోగ్య భయానికి బాగా పరీక్షకు నిలిచింది సీబీటీ అనే పద్ధతి. ఇంగ్లండ్‌లో న్యూరాలజీతో సహా మామూలు ఆసుపత్రి క్లినిక్కులకు వచ్చే 444 మంది మీద చేసిన ప్రయోగం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని సిట్టింగుల సీబీటీ ఇచ్చినవాళ్లలో మేలు రెండేళ్ల తర్వాత కూడా నిలిచింది. ఏం చేస్తారంటే, ‘మీకేం లేదు’ అని ఇంకోసారి చెప్పరు. ఆ మాట కోసం మీరు చేసే పనుల్ని, అంటే తడుముకోవడం, వెతకడం, అడగడం, కొలవడం, ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. మొదట్లో భయం పెరగొచ్చు. నాకు పెరిగింది, మానేద్దామనుకున్నాను.

నిద్ర, తిండి కూడా పోయి మనిషి కుంగిపోతే మందులతో మొదలుపెట్టడమే మంచిది. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కొందరికి వణుకు, దడ పెరగొచ్చు. అది ముందే తెలియకపోతే దాన్నీ కొత్త నరాల జబ్బనుకుని మందు ఆపేస్తారు. మొదటిరోజే అడిగి తెలుసుకోండి, మీ అంతట మీరు ఆపకండి. ఊళ్లో ఎవరూ లేకపోతే, లేదా నలుగురి కంట పడటం ఇష్టం లేకపోతే, టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడొచ్చు. ఫంక్షనల్ డిజార్డర్ అని తేలినవాళ్లకు మాత్రం దారి కొంచెం వేరు. కాలు, నడక దెబ్బతింటే దాని గురించి తెలిసిన ఫిజియోథెరపిస్ట్ మొదటి అవసరం, మాటల చికిత్స తోడు.

తీసుకెళ్లాల్సిన కాగితం

ఏ దారి ఎంచుకున్నా తర్వాతిసారి గదిలోకి వెళ్లేటప్పుడు ఒక కాగితం ఉంచుకోండి. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, వాడే మందులు, భయపడుతున్న జబ్బు పేరు. ఈ చివరిది సిగ్గుపడకుండా రాయండి. “నాకు ఏఎల్‌ఎస్ అని భయంగా ఉంది డాక్టర్ గారూ” అని పేరుతో చెప్పినరోజే ఆవిడ “ఇవిగో, ఈ కారణాల వల్ల కాదు” అని పేరుతో జవాబిచ్చారు. అంతకుముందు నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తర్వాత మూడు ప్రశ్నలు. దీనికి పేరేమిటి? ఏం మారితే అపాయింట్‌మెంట్ లేకుండా రావాలి? ఏమీ మారకపోతే ఏ తారీఖున రావాలి?

మూడోదాని జవాబు, అంటే ఆ తారీఖు, ఇప్పుడు నా దగ్గర కాదు, మా ఆవిడ దగ్గర ఉంది. నెలల తరబడి రాత్రిళ్లు “ఇది మామూలేనంటావా?” అని ఆవిణ్ని లేపేవాణ్ని. పాపం నిద్రలోనే “మామూలేనండీ, పడుకోండి” అనేది. పావుగంటకి మళ్లీ లేపేవాణ్ని. సైకాలజిస్ట్ మా ఆవిడక్కూడా ఒక పని అప్పజెప్పారు: ఆ ప్రశ్నకు ‘మామూలే’ అని చెప్పొద్దు. ఇప్పుడు పిక్క అదిరి నేను నోరు తెరిస్తే, క్యాలెండర్‌లో పెన్నుతో చుట్టిన రోజు చూపించి “తొమ్మిదో తారీఖు గురువారం కదండీ, డాక్టర్ గారినే అడగండి” అని అటు తిరిగి పడుకుంటుంది.